నాలుగు అక్షరాలా, తొమ్మిదా?

ఆండిపట్టి అని తెలుగులో రాస్తే మన లెక్కకు నాలుగు అక్షరాలు. ఆం, డి, ప, ట్టి. అదే మాటను జావాస్క్రిప్ట్‌కు ఇచ్చి పొడవెంత అని అడిగితే తొమ్మిది అంటుంది. ఆ, సున్న, డ, గుడి, ప, ట, పొల్లు, ట, గుడి: దానికి అన్నీ విడివిడి. యంత్రం అబద్ధమాడటం లేదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. అప్పుడే హల్లుకొక సంకేతం, గుణింతపు గుర్తుకొక సంకేతం, పొల్లుకొక సంకేతం ఇచ్చారు. వాటిని పోగుచేసి ‘ట్టి’ అనే ఒక్క అక్షరంగా తెరమీద నిలబెట్టేవి ఫాంటూ బ్రౌజరూ. ఆ నిలబెట్టడం సరిగ్గా జరిగిందో లేదో చూడవలసింది నాలాంటి ఫ్రంట్ ఎండ్ వాళ్లు. కోయంబత్తూరులో నా ఉద్యోగం చాలావరకు ఇంగ్లీషు పేజీలతోనే గడుస్తుంది. అయినా ఈ నాలుగుకూ తొమ్మిదికీ మధ్య ఉన్న తేడా నా మనసులోంచి పోదు. ఈ వృత్తిలో నాకు విలువైనవని తోచిన చిట్కాల్లో చాలావాటిని నేర్పింది ఆ తేడానే.

మా ఊరు ఆండిపట్టి ఒకప్పటి మదురై జిల్లాలో, ఇప్పటి తేని జిల్లాలో ఉంది. మదురైలో విశ్వనాథ నాయకుడి పాలన మొదలైన 1529 ప్రాంతంలో, అంతకు ముందూ తర్వాతా కూడా, విడతలు విడతలుగా దక్షిణానికి వచ్చిన తెలుగువాళ్లు ఈ చుట్టుపక్కల స్థిరపడ్డారు. కమ్మవారు, కంబళత్తు నాయకులు, రెడ్లు, చెట్టియార్లు, అరుంధతియర్లు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం పదో తరగతి దాకా తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేసింది. అయితే మా ఇంట్లో అంతకు ముందు తరాలకు కూడా తెలుగు లిపితో పరిచయం లేదు. మా అమ్మ మాట్లాడేది తెలుగు, పాలవాడి లెక్క రాసుకునేది తమిళంలో. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఉద్యోగంలో చేరాక, కంప్యూటర్ ముందు కూర్చునే.

వెబ్‌సైట్లలో పైన మూల ఒక భాషల పట్టీ ఉంటుంది కదా, తెలుగు, తమిళం, ఇంగ్లీషు అని. మా అమ్మ తెలుగు నొక్కితే చదవలేదు. తమిళం నొక్కితే చదవగలదు, కానీ అది ఆమె ఇంటి మాట కాదు. ఆ పట్టీ కట్టినవాళ్లు భాష, లిపి ఒకటే అనుకున్నారు. మా ఊళ్లో అవి రెండు. తమిళనాడులో తెలుగిళ్లు ఎన్ని ఉన్నాయో తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయంగా తోచదు.

మా అవ్వ పాడే పెళ్లిపాటలు కొన్ని రికార్డు చేసి, కుటుంబం కోసం ఒక పేజీ కట్టాను. ఇంట్లో అందరూ చదవగలగాలని పాటలను తమిళ లిపిలో పెట్టాను. మా అన్న కూతురు ఫోన్ పట్టుకొచ్చి, “చిన్నాయనా, ఈడ ఉండేది కంబమా, కంపా, గంపా?” అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. తమిళ లిపిలో క, గ రెంటికీ ఒకే అక్షరం. ప, బ కూడా అంతే. అనునాసికం తర్వాత వచ్చిన పకారాన్ని తమిళ పద్ధతిలో బ అనే పలుకుతారు. అవ్వ పాడింది గంప. పిల్ల కంటికి కనబడింది కంబ.

దీనికి పాత పరిష్కారం ఒకటుంది. త్యాగరాజ కీర్తనలను తమిళ లిపిలో అచ్చువేసే పుస్తకాల్లో అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 అని అంకెలు వేస్తారు. క వర్గంలో అంకె లేకపోతే క, 2 వేస్తే ఖ, 3 అయితే గ, 4 అయితే ఘ. ఒక్క గీత కూడా కొత్తగా కనిపెట్టకుండా మొత్తం తెలుగు హల్లులను తమిళ లిపిలోకి తెచ్చిన ఆలోచన అది. నాకు దానిమీద చాలా గౌరవం. దాన్నే పేజీలోకి తెద్దామంటే రెండు పనులు చేయాలి. అంకెలను సూపర్‌స్క్రిప్ట్ ట్యాగులో పెడితే అవి పైకి జరుగుతూ వరుసను తోస్తాయి. అంకె ఉన్న వరుస ఎడంగా, లేనిది ఇరుకుగా పడుతుంది. ఆ ట్యాగుకు లైన్ హైట్ సున్నా అని రాస్తే వరుసలన్నీ మళ్లీ సమానమవుతాయి. రెండోది వెతుకులాట. పాఠకుడు గంప కోసం అంకె లేకుండా వెతుకుతాడు, పేజీలో అంకెతో ఉంటుంది. కాబట్టి వెతికే పాఠ్యంలోంచి అంకెలు తీసేసి, కనిపించే పాఠ్యంలో ఉంచాలి. చూపేదీ వెతికేదీ వేరుగా ఉంచడమనే ఈ పద్ధతి తర్వాత ఇంకోచోట కూడా అక్కరకొచ్చింది, చెబుతాను.

ఇంత చేశాక ఒక ప్రశ్న మిగిలింది. ఈ పేజీ ఏ భాషలో ఉందని బ్రౌజరుకు చెప్పాలి? హెచ్‌టీఎమ్‌ఎల్‌లో లాంగ్ అనే గుణం ఉంటుంది. తెలుగు పేజీకి అందులో ‘టీఈ’ అని రాస్తాం, తమిళానికి ‘టీఏ’. మా పాటలు ఏవి? సమాధానం బీసీపీ 47 అనే ప్రమాణంలో ఎప్పటినుంచో ఉంది. భాష పేరు తర్వాత అడ్డగీత పెట్టి లిపి పేరు చేర్చవచ్చు. టీఈ, అడ్డగీత, టీఏఎమ్‌ఎల్: తమిళ లిపిలో రాసిన తెలుగు. దాన్ని మొదటిసారి టైపు చేసినప్పుడు కలిగిన ఆనందం మాటల్లో పెట్టలేను. మా ఇంటివాళ్లు ఎలా బతుకుతున్నారో ఆ ఏడు గుర్తుల్లో ఉంది, అదీ ప్రపంచం మొత్తం ఒప్పుకున్న ప్రమాణంలో. పక్కన ఒక జాగ్రత్త కూడా ఉంది. స్టైల్‌షీట్‌లో తెలుగుకని భాషను బట్టి రాసిన నియమాలు ఈ కొత్త పేరుకూ వర్తిస్తాయి, ఎందుకంటే రెండూ టీఈతోనే మొదలవుతాయి. తెలుగు ఫాంటూ తెలుగు వరుస ఎత్తూ తమిళ అక్షరాలమీద పడతాయి. దాని కింద తమిళ లిపి రూపానికి వేరే నియమం రాసి దిద్దుకోవాలి.

లాంగ్ గుణం గురించి ఇంకొక్క మాట. చాలామంది వాడే తయారు మూసల్లో, ఉదాహరణకు వీట్‌లో, ఆ గుణం ఇంగ్లీషు అనే నిండి వస్తుంది. తెలుగు పేజీ కట్టినవాళ్లు దాన్ని మార్చడం మరచిపోతారు. లైట్‌హౌస్‌తో పరీక్షిస్తే పాసవుతుంది, ఎందుకంటే ఆ పరీక్ష అడిగేది భాష పేరు ఉందా, అది చెల్లుబాటయ్యే పేరేనా అని. పేజీలో నిజంగా ఉన్న భాష అదేనా అని అడగదు. పేజీ ఇంగ్లీషని చెబితే కంటిచూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతును ఎంచుకుంటుంది. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో వచ్చే ఈస్పీక్ గొంతుకు తెలుగు వచ్చు. ఇది తెలుగు అని దానికి చెప్పాలి, అంతే. ఒక మాట మార్చితే ఒక మనిషికి పేజీ మొత్తం తెరుచుకుంటుంది. మన పనిలో ఇంత తక్కువ శ్రమకు ఇంత ఫలం మరెక్కడా లేదు.

ఇక వత్తుల సంగతి. డిజైనర్లు పేజీ గీసేటప్పుడు లాటిన్ నకిలీ పాఠ్యం పోస్తారు. లాటిన్ అక్షరం వరుసకు పైనా కిందా కొంచెమే జరుగుతుంది. మనకు పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. స్త్రీ, రాష్ట్రం, వస్త్రం లాంటి మాటలు పెట్టి చూడని పేజీని తెలుగులో పరీక్షించినట్టు కాదు. ఒక సంస్థ తెలుగు పేజీలో బటన్లన్నిటికీ ఎత్తు పిక్సెళ్లలో బిగించి, మించినదాన్ని దాచేయమని రాశారు. ‘చెల్లించండి’లో లావత్తు సగానికి తెగి కనిపించింది. అక్షరం అడుగు నరికిన పేజీలో డబ్బు కట్టమంటే ఎవరికి నమ్మకం కలుగుతుంది? ఎత్తు బిగించకండి. కనీస ఎత్తు ఇచ్చి, పైనా కిందా ప్యాడింగ్ పెట్టి వదిలేస్తే అక్షరమే తనకు కావలసిన చోటు తీసుకుంటుంది. పాఠ్యానికి వరుస ఎత్తు 1.6కు తగ్గనివ్వను. చిన్న తెరమీద 1.8 దాకా వెళతాను.

శీర్షికల్లో మరో బాధ. ఇంగ్లీషుకు పెద్దబడి అక్షరాలున్నాయి, వాలు అక్షరాలున్నాయి, అక్షరాల మధ్య ఎడం పెంచే అలవాటుంది. తెలుగుకు ఇవేవీ స్వతహాగా లేవు. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే మల్లన్న, మండలి, ఎన్టీఆర్ అందమైన ఫాంట్లే, కానీ ఒక్కొక్కటి ఒకే బరువులో వస్తుంది. వాటిని బోల్డ్ చేయమంటే బ్రౌజరు తనే గీతలకు మందం పూస్తుంది. తలకట్టూ లోపలి సున్నలూ పూడిపోయి ‘ష’కూ ‘ప’కూ తేడా కష్టమవుతుంది. ఫాంట్ సింథసిస్ వద్దని రాస్తే ఈ పూత ఆగుతుంది. నిజంగా మందం కావాలంటే నోటో సాన్స్ తెలుగు లేదా అనేక్ తెలుగు వాడాలి. వాటిలో బరువులన్నీ గీసినవాళ్లే గీశారు. తెరమీద ఉన్నది మీరు అడిగిన ఫాంటేనా అని కూడా ఒకసారి చూసుకోండి. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో కంప్యూటెడ్ అనే అర తెరిచి అడుగుకు వెళితే, ఆ మాట నిజంగా ఏ ఫాంటుతో గీయబడిందో పేరు ఉంటుంది. మీరు రాసింది రామభద్ర, అక్కడ ఉన్నది నిర్మలా యూఐ అయితే, సగం పేజీ మీకు తెలియకుండానే విండోస్ దయమీద నడుస్తోందన్నమాట.

2018 ఫిబ్రవరిని తెలుగు తెరల గురించి పట్టింపు ఉన్నవాళ్లు మరచిపోకూడదు. ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న ఐఫోన్లలో ‘జ్ఞా’ ఒక ప్రత్యేక వరుసలో, అంటే జ, పొల్లు, ఞ, ఆపైన కంటికి కనబడని ఒక గుర్తు, ఆపైన దీర్ఘం వస్తే, దాన్ని చూపబోయిన యాప్ కూలిపోయేది. అదే నెలలో 11.2.6తో సవరించారు. లోకమంతా దాన్ని ప్రమాదకరమైన తెలుగు అక్షరం అంది. అక్షరంలో ప్రమాదమేమీ లేదు. 2011 జనగణన లెక్కల్లో భారతదేశంలో 8 కోట్ల 11 లక్షల మందికి మాతృభాష అయిన తెలుగులో, జ్ఞానం అనే మాటలో మొదటి అక్షరం అది. పరీక్షించే చోట ఆ భాష లేకపోవడం వల్ల జరిగింది. నేను పని చేసే ఏ పేజీ పరీక్షలోనైనా జ్ఞా, స్త్రీ, ర్‌తో ముగిసే ఒక మాట తప్పకుండా పెట్టడం అప్పటినుంచీ నా నియమం. ఇంగ్లీషు సైటైనా సరే. పేరు రాసే పెట్టె ఎక్కడున్నా అందులోకి ఎవరో ఒకరు తెలుగు తెస్తారు.

ఆ కంటికి కనబడని గుర్తు పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. పలకడానికి భారమే, కానీ అరువుమాటలు రాసే మనకు అది నిత్యావసరం. ‘సాఫ్ట్‌వేర్’ అని రాయాలంటే ట దగ్గర పొల్లు నిలవాలి. ఆ గుర్తు లేకపోతే వ వచ్చి ట కింద వత్తుగా చేరి ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. చాలా ప్రాజెక్టుల్లో కనబడని గుర్తులన్నిటినీ ఊడ్చేసే చిన్న ఫంక్షన్ ఒకటి ఉంటుంది, శుభ్రం కోసమని. అది తెలుగులో అక్షరాలను చెరుపుతుంది. కనిపించే పాఠ్యంలో ఆ గుర్తును ముట్టుకోకండి. వెతికే పాఠ్యంలోంచి మాత్రమే తీసేయండి. పైన చెబుతానన్నది ఇదే. ఫాంటును కుదించేటప్పుడు కూడా తెలుగు గడులతోపాటు ఆ గుర్తును ఉంచమని చెప్పాలి.

దరఖాస్తు పత్రాల దగ్గర నాకు ఓర్పు తక్కువ. తమిళనాడులో మనిషి పేరుకు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం ఇనిషియల్‌గా ఉంటుంది. మా తెలుగిళ్లలో ఇంటిపేరు కూడా ఉంది, కానీ అది సంబంధాలు చూసేటప్పుడు బయటికి వస్తుంది, కాగితాల్లో కాదు. అలాంటివాణ్ని మొదటి పేరు, చివరి పేరు అని రెండు పెట్టెలు చూపి రెండూ తప్పనిసరి అంటే ఏం రాస్తాడు? చివరి పేరులో ఒక్క అక్షరం రాస్తే కనీసం రెండు ఉండాలంటుంది. పూర్తి పేరు అని ఒకే పెట్టె పెడితే ఈ ఇబ్బంది ఉండదు. తర్వాత ఆ పెట్టెలో ఏయే అక్షరాలు ఒప్పుకోవాలో చెప్పే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. ఏ నుంచి జెడ్ దాకా అని రాస్తే తెలుగు మొత్తం బయట నిలబడుతుంది. యూనికోడ్ వర్గాల్లో అక్షరాల వర్గాన్ని మాత్రమే ఒప్పుకున్నా చాలదు. గుణింతాలూ పొల్లూ గుర్తుల వర్గంలో ఉంటాయి. కనీసం ‘రామ’ అయినా వెళుతుందేమో అనుకుంటే అదీ వెళ్లదు, దీర్ఘం దగ్గర ఆగిపోతుంది. రెండు వర్గాలనూ, పైన చెప్పిన కనబడని గుర్తునూ చేర్చాలి.

గరిష్ఠ పొడవు కూడా చూడండి. వేంకటేశ్వర్లు మనకు ఐదక్షరాలు, బ్రౌజరుకు పదమూడు. పెట్టెకు పది పరిమితి పెడితే ఆయన వేంకటేశ్వర దగ్గర ఆగిపోతాడు. జాబితాలో చోటు లేదని ఎనిమిదికి కత్తిరిస్తే ‘వేంకటేశ్’ అని పొల్లుతో మిగులుతాడు. కత్తిరింపు ఎప్పుడూ సీఎస్ఎస్‌కు వదిలేయండి. కోడ్‌లోనే కోయక తప్పకపోతే జావాస్క్రిప్ట్‌లో ఇంటర్నేషనలైజేషన్ కోసం ఉన్న ఇంట్ల్ అనే వస్తువులోని సెగ్మెంటర్ వాడండి. 2024 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్ 125లోకి కూడా వచ్చాక అది ప్రధాన బ్రౌజర్లన్నిటిలో ఉన్నట్టే. యూనికోడ్ ప్రమాణం ఇదివరకు ‘స్త్రీ’ని మూడు ముక్కలుగా లెక్కించేది. 2023లో వచ్చిన 15.1 కూర్పు తెలుగుతో సహా ఆరు భారతీయ లిపులకు నియమం మార్చి, ఒత్తక్షరాన్ని ఒక్కటిగా ఒప్పుకుంది. ఆ నియమం మీద నడిచే సెగ్మెంటర్‌కు ఆండిపట్టి నాలుగే.

మదురై నుంచి ఊరికి వెళ్లే రైలు గేజ్ మార్పిడి కోసం దశాబ్దం పైగా ఆగి, 2022 మే 26న తేని దాకా మళ్లీ మొదలైంది. ఉసిలంపట్టి దాటి ఆండిపట్టి కణవాయి (కనుమ) కొండల మధ్యకు వచ్చేసరికి నా ఫోన్‌లో సిగ్నల్ సన్నగిల్లుతుంది. నా పేజీలను అక్కడే తెరిచి చూస్తాను. డెవ్‌టూల్స్‌లో నెట్‌వర్క్ వేగం తగ్గించి చూడటం మంచిదే, రోజూ చేస్తాను కూడా. కానీ అది ఒకే తీరుగా నెమ్మదిస్తుంది. కొండ మధ్య నెట్ వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. అక్కడ తెలిసిందేమిటంటే, పాఠ్యానికి వెబ్ ఫాంటు అక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో తెలుగు ముందే ఉంటుంది. ఒత్తక్షరాల వల్ల తెలుగు ఫాంటు ఫైలు లాటిన్ దానికంటే బరువు. అందుకే దాన్ని శీర్షికలకు మాత్రమే ఉంచి, వాఫ్2 రూపంలో, తెలుగు అక్షరాలున్నప్పుడే దిగేలా యూనికోడ్ రేంజ్ రాసి పెడతాను. ఫాంటు వచ్చేలోపు పాఠ్యం కనబడాలని ఫాంట్ డిస్‌ప్లేను స్వాప్‌లో ఉంచుతాను. ఫాంటు మారినప్పుడు వరుసలు గెంతితే సైజ్ అడ్జస్ట్‌తో రెంటినీ ఒక కొలతకు తెచ్చుకోవచ్చు.

పాటల పేజీ సంగతికి వస్తే, అంకెలతో పిల్లకు గంప అర్థమైంది గానీ, తెలుగు అక్షరమే చూపించొచ్చు కదా అంది. హెచ్‌టీఎమ్‌ఎల్‌లో రూబీ అనే ట్యాగు ఉంది. జపనీస్ పుస్తకాల్లో కఠినమైన అక్షరం మీద చిన్నగా ఉచ్చారణ వేసే పద్ధతి కోసం పుట్టింది. అది ఏ రెండు లిపులకైనా పనిచేస్తుంది. పాటను సెగ్మెంటర్‌తో అక్షరం అక్షరంగా విడగొట్టి, కింద తెలుగు, మీద చిన్న తమిళం పెట్టాను. బ్రౌజర్లు పైన వేసే అక్షరాన్ని సగం సైజుకు కుదిస్తాయి. ఫోన్‌లో తమిళానికి అది చాలదు, కనుక 0.65కి పెంచి వరుస ఎత్తును 2.2 చేశాను. ఒక్కొక్క భాగానికీ దాని లాంగ్ పేరు విడిగా రాశాను, కిందిది టీఈ, మీదిది టీఏఎమ్‌ఎల్ చేర్చిన టీఈ.

ఇప్పుడు పైనున్న తమిళాన్ని దాచే బటన్ ఒకటి కావాలని పిల్ల అడుగుతోంది, చూడకుండా చదవగలనో లేదో తేల్చుకుంటుందట. డిస్‌ప్లే నన్ అని రాస్తే వరుసలన్నీ పైకి జరిగి, చదువుతున్న చోటు తప్పిపోతుంది. విజిబిలిటీ హిడెన్ అంటే చోటు అలాగే ఉండి అక్షరం మాత్రం మాయమవుతుంది, కాబట్టి అదే రాశాను. అమ్మ ఫోన్‌లో మాత్రం తమిళం ఎప్పుడూ కనబడుతూ ఉండాలి. ఎవరి ఎంపిక వాళ్ల ఫోన్‌లో నిలిచేలా లోకల్ స్టోరేజ్‌లో దాచుతున్నాను. అవ్వ పాడిన రికార్డింగులో ఏ క్షణానికి ఏ అక్షరం వస్తుందో జతచేసే పని ఇంకా మిగిలి ఉంది.